గడియారం గుండ్రంగా ఉండాలి: వీడియో నుండి ఛాయాచిత్రం తీసే పద్ధతి

క్రిందటి సంవత్సరపు సంచిక చూచినవారికి అందులోని సంతాప పుట జ్ఞాపకం ఉండే ఉంటుంది. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ముప్పై యేళ్ళకు పైగా అటెండరుగా పనిచేసి కాలంచేసిన బాబాయి బొమ్మ ఆ పుటలో వేశాం. (ఆయనను అసలు పేరుతో పిలిచిన విద్యార్థిని నేనెరుగను. అందుచేత యిక్కడ కూడా బాబాయి అనే వ్రాస్తున్నాను.) సంచిక వెలువడిన వారం రోజులకు ఆయన కుమార్తె దానిని చేతబట్టుకుని మా డిపార్టుమెంటుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ పుట తెరిచి నా బల్లమీద పెట్టి, "మాస్టారూ, మా నాన్నకి ఏదో జబ్బు చేసినట్టు వేశారేమిటండీ? ఆయన పోయేదాకా నిండుగానే ఉన్నాడు కదండీ" అంది.

నిజమే. బాబాయి దిట్టమైన మనిషి. ఆప్టికల్ బెంచీని యింకొకరి సాయం లేకుండా బీరువా మీదనుంచి దింపి బల్లమీద పెట్టేవాడు. మేము వేసిన బొమ్మలో ముఖం కోలగా, మెడ పొడవుగా, భుజాలు దగ్గరకు ముడుచుకుపోయి ఉన్నాయి. అచ్చుకు పోయేముందు ఆ పుట చూచి సంతకం చేసినవారిలో నేనూ ఒకణ్ణి. ఆయన సన్నగా ఉన్నట్టు నాకు తోచలేదు. "పెద్దతనంలో తగ్గాడు కాబోలు" అనుకుని ఊరుకున్నాను.

బాబాయికి ఫోటో అంటే గిట్టదు. కుమార్తె దగ్గరున్నది గుర్తింపు కార్డు కోసం తీయించిన తపాలా బిళ్ళంత బొమ్మ ఒక్కటే, అదీ చెమ్మకు చెరిగిపోయింది. అందువల్ల పదిహేనేళ్ళ క్రిందటి పూర్వ విద్యార్థుల సమ్మేళనం డీవీడీలో ఆయన కనిపించిన అర నిమిషంలోంచి ఒక దృశ్యాన్ని పట్టి వేశాం. తప్పు ఆ పట్టడంలో జరిగింది. అది ఎక్కడ జరిగిందో తేల్చుకోవడానికి నాకూ, యిద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులకూ మూడు సాయంత్రాలు పట్టింది. యీ ఏడు మాకు చేరిన పాత బొమ్మలలో చాలా భాగం యిలా వీడియోల నుండి తీసినవే. వాటిలో కూడా సన్నబడినవారూ, లావెక్కినవారూ ఉన్నారు. కనుక మేము నేర్చుకున్నది యిక్కడ వ్రాస్తున్నాను. లెక్క యెనిమిదో తరగతి పిల్లవాడికి తెలిసినదే, భయపడనక్కరలేదు.

మన దేశంలో టెలివిజను పాల్ పద్ధతిలో నడిచింది గనుక, యిక్కడ తయారైన డీవీడీలలో ఒక్కొక్క బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 చుక్కలతో ఉంటుంది. చుక్క అంటే పిక్సెల్. 720ని 576తో భాగిస్తే 5:4 వస్తుంది. కాని 5:4 ఆకారంలో ఉండే డీవీడీ బొమ్మ ఏదీ లేదు! చూపేటప్పుడు అది 4:3 గానైనా ఉంటుంది, 16:9 గానైనా ఉంటుంది. మొదటిది పాత టీవీ ఆకారం, రెండోది యిప్పటి వెడల్పు టీవీ ఆకారం. రెండింటికీ దాచిపెట్టే చుక్కలు మాత్రం అవే 720. వెడల్పు బొమ్మకు ఎక్కువ చుక్కలు కేటాయించలేదు. బొమ్మను అడ్డంగా నొక్కి అదే పెట్టెలో కుక్కారు. "దీనిని సాగదీసి చూపుము" అనే చిన్న గుర్తు ఒకటి ఫైలులో వేరుగా ఉంటుంది. ప్లేయరు ఆ గుర్తు చదివి, బొమ్మను సాగదీసి, మనకు సరిగా చూపుతుంది. మనం బొమ్మను పట్టి వేరే ఫైలుగా దాచినప్పుడు చుక్కలు వస్తాయి, ఆ గుర్తు చాలాసార్లు వెనకనే ఉండిపోతుంది. ప్రెస్సువారి కంప్యూటరు ప్రతి చుక్కనూ చతురస్రమనే అనుకుంటుంది. మనిషి సన్నబడతాడు.

యిది కొత్త ఉపాయమేమీ కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రెత్యాఁ 1920 దశకంలో చేసిన కటకం యిదే పని చేసింది: కెమెరా ముందు పెడితే విశాలమైన దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్ము మీద పడేస్తుంది, ప్రొజెక్టరు ముందు పెట్టిన జత కటకం దానిని మళ్ళీ రెండింతలు విప్పుతుంది. 1953లో 'ది రోబ్' చిత్రంతో హాలీవుడ్ దానిని సినిమాస్కోప్‌గా లోకానికి చూపింది. మన తెలుగులో 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' మొదటి సినిమాస్కోప్ చిత్రమన్నది పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆ ఫిల్మురీలును చేతబట్టుకుని వెలుతురుకెదురుగా చూచినవారు ఎవరైనా ఉంటే వారికి యీ వ్యాసం సగం అర్థమైనట్టే. ఫిల్ము మీద గుర్రాలూ మనుషులూ అందరూ ఊచల్లా ఉంటారు. ఎవరూ కంగారుపడరు, విప్పే కటకం హాల్లో ఉందని తెలుసు గనుక. డీవీడీలో విప్పేది గాజుకటకం కాదు, ఒక గుణకారం. అంతే భేదం.

యీ 16:9 అనే అంకెలు ఎక్కడివి అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. లెక్కల విద్యార్థులకు బాగుంటుంది గనుక, దారి తప్పినా చెబుతాను. 1980 దశకంలో అమెరికాలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు, అప్పటికి వాడుకలో ఉన్న తెర ఆకారాలన్నిటినీ ఒకే వైశాల్యం గల దీర్ఘచతురస్రాలుగా చేసి, కేంద్రాలు కలిసేటట్టు ఒకదానిమీద ఒకటి పెట్టి చూచాడు. వాటన్నిటినీ చుట్టి ఉండే దీర్ఘచతురస్రమూ, వాటన్నిటిలోనూ ఉమ్మడిగా పడే దీర్ఘచతురస్రమూ ఒకే నిష్పత్తిలో వచ్చాయి, సుమారు 1.77. అది రెండు కొసల నిష్పత్తులకు, అనగా 1.33కూ 2.35కూ, గుణమధ్యమం. కాగితం మీద వేసుకు చూడండి, ఎందుకలా రావాలో రెండు పంక్తులలో తేలుతుంది. 16ని 9తో భాగిస్తే 1.78.

మళ్ళీ బాబాయి దగ్గరకు వద్దాం. 576 గీతల ఎత్తుగల బొమ్మ 16:9గా ఉండాలంటే వెడల్పు 1024 చుక్కలు కావాలి. మా దగ్గర ఉన్నవి 720. అంటే మేము అచ్చువేసిన బాబాయి నూటికి దాదాపు ముప్పై వంతుల వెడల్పు పోగొట్టుకున్నాడు. 720ని 1024కు సాగదీస్తే, అనగా వెడల్పును 64/45 చేత హెచ్చవేస్తే, మనిషి తిరిగి వస్తాడు. పాత 4:3 వీడియో అయితే 720ని 768 చెయ్యాలి. అక్కడ తేడా స్వల్పం, నూటికి ఆరేడు వంతులు, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. ఎత్తును తగ్గించి కూడా నిష్పత్తి సరిచేయవచ్చు (576ని 405 చేస్తే చాలు), కాని అలా చేస్తే ఉన్న కాస్త వివరమూ పోతుంది. ఎత్తును ముట్టుకోకుండా వెడల్పును పెంచడమే మేలని నా అభిప్రాయం.

యిక్కడ అందరూ చేసే పని ఒకటుంది. కంప్యూటరు తెరమీద బొమ్మ అంచు పట్టుకుని, ముఖం "బాగా కనిపించేదాకా" లాగుతారు. దయచేసి అలా చేయకండి. మేము పరీక్షించి చూచాం. సన్నబడిన ఆ బొమ్మనే యిద్దరు విద్యార్థులకు వేరువేరుగా యిచ్చి సరిచేయమన్నాం. బాబాయిని ఎన్నడూ చూడని కుర్రవాడు ఒక కొలతకు ఆపాడు. రెండేళ్ళు ఆయన చేతిమీదుగా స్క్రూగేజి అందుకున్న కుర్రవాడు యింకొక కొలతకు ఆపాడు. యిద్దరిదీ 1024 కాదు. ముఖం ఎలా ఉన్నా కంటికి రెండు నిమిషాలలో అలవాటైపోతుంది. నేను సంతకం పెట్టిందీ అలాగే.

కనుక ముఖాన్ని కాదు, వృత్తాన్ని చూడాలి. మా అదృష్టం కొద్దీ ఆ దృశ్యంలో బాబాయి వెనకాల సెమినారు హాలు గోడగడియారం ఉంది. క్రిందటేడు సంచికకు బొమ్మను భుజాల వరకు కత్తిరించినప్పుడు గడియారం కాస్తా కత్తెర పాలైంది, అది ఉండి ఉంటే ఎవరో ఒకరు "గడియారం కోడిగుడ్డులా ఉందేమిటి?" అని అడిగి ఉండేవారే. డీవీడీ నుండి దించిన బొమ్మలో గడియారం ఎత్తు 82 చుక్కలు, వెడల్పు 58. భాగిస్తే 0.71. లెక్క ప్రకారం రావలసింది 0.703. కంటికొలతలో ఒక చుక్క యిటూ అటూ పోవడం సహజమే. 1024కు సాగదీశాక మళ్ళీ కొలిస్తే 82కు 82.

యీ గడియారం పద్ధతితో, బొమ్మ ఏ విధంగా చెడిందో కూడా చెప్పవచ్చు. వృత్తం వెడల్పును ఎత్తుచేత భాగించండి. 0.70 వస్తే వెడల్పు వీడియోను నొక్కిన స్థితిలోనే దించారన్నమాట. 0.94 వస్తే పాత 4:3 వీడియోను అలాగే దించారు. 0.75 వస్తే వెడల్పు వీడియోను ఎవరో 4:3 అనుకుని సరిచేశారు. వెడల్పును 4/3 చేత హెచ్చవేయాలి. 1.33 వస్తే దానికి తిరకాసు: పాత వీడియోను వెడల్పు తెర నిండా సాగదీశారు, వెడల్పును ముప్పాతికకు తగ్గించాలి. యీ చివరి జబ్బు మన యిళ్ళలో అందరికీ పరిచయమే. వెడల్పు టీవీలు వచ్చిన కొత్తలో, తెరకు రెండు పక్కలా నలుపు కనిపిస్తే డబ్బులు దండగైనట్టు బాధపడి, పాత సినిమాలన్నీ సాగదీసుకుని చూచాం. నటీనటులందరూ పొట్టిగా, లావుగా నడిచారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు!

అయితే వృత్తం కెమెరాకు ఎదురుగా, బొమ్మకు నడుమగా ఉండాలి. మా కుర్రవాడొకడు సహపంక్తి భోజనాల దృశ్యంలో కంచాలు కొలిచి, 0.70 రావలసినచోట 2 వచ్చిందని హడలిపోయాడు. కంచం ఏటవాలుగా చూస్తే అండాకారంలోనే కనిపిస్తుంది కదా. గోడగడియారం, ఎదురుగా నిలబెట్టిన సైకిలు చక్రం, గోడకు తగిలించిన గుండ్రటి ఘంట, యిటువంటివి పనికొస్తాయి. గుండ్రనిదేదీ లేకపోతే ఆ గదికే వెళ్ళి తలుపును టేపుతో కొలవవచ్చు, తలుపులు పదిహేనేళ్ళలో పెరగవు.

పద్ధతి యిది. వీఎల్‌సీ ప్లేయరులో డీవీడీ పెట్టండి. టూల్స్‌లో కోడెక్ ఇన్ఫర్మేషన్ చూస్తే దాచిన చుక్కల సంఖ్య తెలుస్తుంది. కావలసినచోట ఆపి, ఇంగ్లీషు ఇ మీట నొక్కుతూ పోతే బొమ్మ తర్వాత బొమ్మ ముందుకు జరుగుతుంది. వీడియో మెనూలో టేక్ స్నాప్‌షాట్ ఉంది. దాచేది పీఎన్‌జీ రూపంలో దాచండి, జేపెగ్ వద్దు, ఉన్న మసకకు యింకొంత మసక కలుపుతుంది. తరువాత, వచ్చిన బొమ్మ కొలత తప్పక చూడండి. కొన్ని ప్లేయర్లు ఆ సాగదీసే గుర్తును లెక్కలోకి తీసుకుని దాస్తాయి, కొన్ని తీసుకోవు. 1024 వచ్చి ఉంటే మళ్ళీ సాగదీయకండి, బాబాయి పీపాలా తయారవుతాడు. 720 వస్తే గింప్‌లో తెరిచి, స్కేల్ ఇమేజ్‌లో వెడల్పుకూ ఎత్తుకూ మధ్యనున్న గొలుసు గుర్తును విడదీసి, వెడల్పు 1024, ఎత్తు 576 అని వేయండి. గొలుసు విడదీయకపోతే రెండూ కలిసి పెరుగుతాయి, ఫలితం శూన్యం.

సాగదీయడానికి ముందు చూచుకోవలసినది ఒకటి ఉంది. పాల్ వీడియోలో సెకనుకు 50 అరబొమ్మలు. ఒక్కొక్కదానికి 288 గీతలు. సరి గీతలు ఒక క్షణంలో, బేసి గీతలు సెకనులో యాభయ్యోవంతు తరువాత పడతాయి. ఆ మధ్యలో చెయ్యి కదిలితే అంచులు దువ్వెన పళ్ళలా వస్తాయి. బాబాయి చెయ్యూపుతున్న బొమ్మలన్నీ అలాగే ఉన్నాయి. వీఎల్‌సీలో డీఇంటర్లేస్ అనే సదుపాయం ఉంది గాని, దానికన్న మంచిది మనిషి కదలని క్షణాన్ని వెతకడం. ఒక్కొక్క బొమ్మే జరుపుకుంటూ పోతే, ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చెయ్యి దించి, ఎవరో పిలిచినట్టు యిటు తిరిగిన చోట నాలుగైదు బొమ్మలు శుభ్రంగా దొరికాయి. క్రిందటేడు వేసిన బొమ్మకన్న యిదే బాగుంది. మొదటిసారి మేము వెతకనే లేదు.

యిక కొందరు సూక్ష్మదర్శులు "1024 కాదు, 1048" అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు. 1982లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం గీతను సెకనుకు 135 లక్షల సార్లు కొలుస్తారు. పాల్ గీతలో బొమ్మ ఉండేది 52 మైక్రోసెకండ్లు. గుణిస్తే 702. మిగిలిన 18 చుక్కలు అంచులకోసం ఉంచిన ఖాళీ. దాని ప్రకారం హెచ్చవేయవలసినది 64/45 కాదు, 16/11. రెండింటికీ తేడా నూటికి రెండుకు పైచిలుకు. బొమ్మకు ఎడమ కుడి అంచులలో సన్నని నల్లపట్టీలు కనిపిస్తే వాటిని కత్తిరించి, మిగిలిన 704 చుక్కలను 1024 చేయండి. పట్టీలు లేకపోతే 720నే 1024 చేయండి. యింతకన్న దీనిమీద జగడమాడడం అనవసరమని నా అభిప్రాయం.

కొన్ని సినిమా డీవీడీలలో పైనా క్రిందా నల్లపట్టీలు ఉంటాయి. 2.35 నిష్పత్తిగల చిత్రాన్ని 16:9 చట్రంలో పెడితే 576 గీతలలో సుమారు 436 మాత్రమే బొమ్మ. ముందు సాగదీసి, ఆ తరువాత పట్టీలు కత్తిరించండి. ముందే కత్తిరిస్తే 1024 లెక్క ఎక్కడ వేయాలో తెలియక తికమకపడతారు. హెచ్‌డీవీ కెమెరాతో తీసిన 1440కి 1080 బొమ్మలకూ యిదే జబ్బుంది, వాటి వెడల్పును 1920 చేయాలి. ఫోనుతో తీసిన వీడియోలలో సాధారణంగా చుక్కలు చతురస్రాలే, యీ గొడవ లేదు. టీవీలో డీవీడీ ఆడిస్తూ తెరను ఫోనుతో ఫోటో తీసి పంపినవారు యీ ఏడు నలుగురున్నారు. వారికి నా నమస్కారం. ఆ బొమ్మలు వాడుకోలేకపోయాం.

అచ్చులో ఎంత పెద్దదిగా వేయవచ్చు? అంగుళానికి 300 చుక్కల లెక్కన 1024 చుక్కలు మూడున్నర అంగుళాలకు కాస్త తక్కువ, అనగా 8.7 సెంటీమీటర్లు. అది మొత్తం దృశ్యానికి. అందులో బాబాయి ఉన్న భాగం 400 చుక్కలే. అంగుళానికి 200కు దిగి, 5 సెంటీమీటర్ల వెడల్పున వేస్తున్నాం. యీసారి గడియారం సగం కనబడేటట్టు కత్తిరించాం.

మసకగా ఉందని మా విద్యార్థి ఒకడు ముఖాలను మెరుగుపరిచే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేరులో ఆ బొమ్మను పెట్టి తెచ్చాడు. అద్భుతంగా ఉంది. కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కాని ఆ కళ్ళు బాబాయివి కావు. డీవీడీలో లేని వెంట్రుకలు అది ఎక్కడినుంచి తెచ్చింది? ఎవరెవరి ముఖాలనుంచో నేర్చుకున్నవి అతికించింది. ఆ బొమ్మను వేయలేదు. మసకగానే వేశాం.

సరిచేసిన బొమ్మను మొన్న ఆయన కుమార్తెకు చూపించాం. కాసేపు చూచి, "ఈ చొక్కా నేను కుట్టించిందేనండీ" అంది. గోడకు పెట్టుకోవడానికి పెద్దది కావాలంది. పెద్దది చేస్తే గళ్ళు కనబడతాయని చెప్పాం. "కనబడితే కనబడనివ్వండి" అంది. అరచేతికి కొంచెం పెద్దదిగా ఒకటి వేయించి యిచ్చాం.

ఆ సమ్మేళనాన్ని వీడియో తీసిన షాపు మూతపడింది. డీవీడీ చేయడానికి ముందు అది చిన్న డీవీ టేపు మీద ఉండి ఉండాలి. టేపు దొరికినా చుక్కలు అవే 720, అవే 576. కాని డీవీడీకి కుదించడంలో ముఖం మీద పడిన గళ్ళు టేపులో ఉండవు. ఆ రోజు వేదిక ఏర్పాట్లు చూచిన పూర్వ విద్యార్థులలో ఎవరి దగ్గరైనా ఆ టేపు ఉంటే, దానిని తెరవకుండా, ఆడించకుండా, చెమ్మ తగలకుండా మా డిపార్టుమెంటుకు చేర్చగలరు.